కొరకాలని ఉన్నా కొరకని చేప: క్లీనర్ రాస్ బేరం వెనుక లెక్క

సంక్షిప్తంగా: పగడపు దిబ్బల మీద ఇతర చేపల ఒంటిపై పరాన్నజీవులను ఏరి తినే క్లీనర్ రాస్‌కు నిజానికి ఆ చేపల ఒంటి జిగురే ఎక్కువ ఇష్టం. అయినా అది చాలావరకు పరాన్నజీవులతోనే సరిపెట్టుకుంటుంది. కొరికితే వెంటపడి తరిమే చేపలు, మరో చోటికి వెళ్లిపోయే చేపలు, పక్కన నిలబడి గమనించే చేపలు, తప్పు చేసిన ఆడచేపను శిక్షించే మగచేప కలిసి దాన్ని అదుపులో ఉంచుతున్నాయి. అద్దంలో తనను తాను గుర్తుపట్టిందన్న సంచలన ఫలితాన్ని కూడా ఈ బతుకుతెరువు నేపథ్యంలోనే చూడాలి.

వేలెడంత చేప ఒకటి 2019లో ప్రపంచమంతటా వార్తలకెక్కింది. గొంతు కింద పెట్టిన మచ్చను అద్దంలో చూసుకుని, దాన్ని వదిలించుకోవడానికి తొట్టి అడుగున ఒళ్లు రుద్దుకుందన్నది ఆ వార్త. చింపాంజీలు, డాల్ఫిన్లు, ఏనుగుల వంటి కొద్ది జంతువులకే దక్కిన గుర్తింపు ఒక చేపకు దక్కడం చాలామందికి నమ్మశక్యం కాలేదు. అదే చేప గురించి అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే మరో బొమ్మ ప్రచారంలో ఉంది. తోటి చేపల బాధలు తీర్చే ‘సముద్రపు వైద్యుడు’ అని, సేవకు మారుపేరని దాన్ని వర్ణించేవారు.

మేధావి అన్నా, సేవకుడు అన్నా వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ చేప ఏం తిని బతుకుతోంది, ఆ తిండి ఎలా సంపాదిస్తోంది అన్న మామూలు ప్రశ్నను ఆ రెండు మాటలూ దాటేస్తాయి. అక్కడ మొదలుపెడితే దాని సేవ, దాని తెలివి ఒకే బేరంలోంచి పుట్టినట్టు కనిపిస్తాయి.

## రోజుకు రెండు వేల బేరాలు

క్లీనర్ రాస్ శాస్త్రీయ నామం లాబ్రోయిడెస్ డిమిడియాటస్. 1839లో ఫ్రెంచి జీవశాస్త్రవేత్త వాలెన్సియెన్ దీన్ని తొలిసారి వర్ణించారు. పూర్తిగా ఎదిగినా 14 సెంటీమీటర్లు దాటదు. నోటి దగ్గర సన్నగా మొదలైన నల్లటి చార కంటి మీదుగా సాగి, తోక దగ్గరకు వచ్చేసరికి వెడల్పవుతుంది. ఒంటి ముందు భాగం లేత రంగులో, వెనుక భాగం మెరిసే నీలంలో ఉంటాయి. పిల్లచేప మాత్రం దాదాపు నలుపు. వీపు పొడవునా ఒకే ఒక నీలి గీత దీపపు వత్తిలా వెలుగుతూ ఉంటుంది.

ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరాల నుంచి పసిఫిక్ మధ్య దీవుల దాకా, ఉత్తరాన దక్షిణ జపాన్ దాకా ఇది విస్తరించి ఉంది. సాధారణంగా 40 మీటర్ల లోతు లోపలే కనిపిస్తుంది. లాబ్రోయిడెస్ ప్రజాతిలో మొత్తం ఐదు జాతులున్నాయి. వాటిలో ఎక్కువ చోట్ల కనిపించేదీ, పరిశోధకులు ఎక్కువగా గమనించిందీ ఇదే.

ప్రతి క్లీనర్‌కూ ఒక స్థిరమైన చోటు ఉంటుంది. అది ఒక పగడపు గుట్ట కావచ్చు, రాతి అంచు కావచ్చు. దాన్ని ‘క్లీనింగ్ స్టేషన్’ అంటారు. ఒళ్లు శుభ్రం చేయించుకోవాలనుకునే చేపలు అక్కడికే వస్తాయి. తల పైకో కిందికో వాల్చి కదలకుండా నిలబడతాయి. రెక్కలు విప్పుతాయి, మొప్పలు తెరుస్తాయి, కొన్ని రంగు కూడా మార్చుకుంటాయి. క్లీనర్ వాటి ఒంటి మీద తిరుగుతుంది, అవసరమైతే నోట్లోకి, మొప్పల్లోకి దూరి వెతుకుతుంది. చిన్న డామ్సెల్ చేప మొదలుకొని మాంటా రే దాకా ఈ వరుసలో నిలబడతాయి. ఇలా వచ్చే చేపలను ఇక్కడ ‘ఖాతాదారులు’ అందాం. చాలా చేపలు రోజుకు ఎన్నోసార్లు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి ఆ మాట సరిగ్గానే అతుకుతుంది.

గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగంలోని లిజార్డ్ దీవి దగ్గర పరిశోధకురాలు అలెగ్జాండ్రా గ్రటర్ వేసిన లెక్క ప్రకారం, ఒక్కో క్లీనర్ రోజుకు సుమారు 2,300 సార్లు ఖాతాదారులను పరిశీలిస్తుంది, సుమారు 1,200 పరాన్నజీవులను తింటుంది. వాటిలో అత్యధికం నాథియిడ్‌లు. ఇవి రొయ్యలు, పీతల వర్గానికే చెందిన, కంటికి ఆనీ ఆననంత చిన్న జీవులు. పిల్ల దశలో చేపను పట్టుకుని రక్తం తాగుతాయి, కడుపు నిండగానే జారి సముద్రపు అడుగుకు చేరతాయి, పెద్దయ్యాక తిండే తినవు. చేపకు ఇవి దోమల్లాంటివి. రాత్రి నిద్రలో ఎక్కువగా పట్టుకుంటాయి కాబట్టి తెల్లవారేసరికి చేపల ఒంటి మీద వీటి బరువు ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది. క్లీనర్ పనిచేసేది పగటి పూటే.

## మేలు జరుగుతోందా, లేదా?

ఇప్పుడు సందేహానికి తావులేనట్టు కనిపించే ఈ ప్రశ్న మీద నాలుగు దశాబ్దాలు వాదన నడిచింది. అమెరికన్ పరిశోధకుడు కాన్రాడ్ లింబా బహామాస్‌లోని రెండు చిన్న దిబ్బల నుంచి శుభ్రం చేసే జీవులన్నింటినీ తొలగించి చూశారు. రెండు వారాలు తిరిగేసరికి అక్కడి చేపల్లో చాలావరకు వెళ్లిపోయాయని ఆయన నివేదించారు. ఆయన మరణానంతరం 1961లో వెలువడిన ఆ వ్యాసం సముద్రపు సహజీవనానికి గొప్ప ఉదాహరణగా పాఠాల్లోకి ఎక్కింది. చిక్కేమిటంటే, ఆ తర్వాత ఇతర చోట్ల చేసిన తొలగింపు ప్రయోగాల్లో అలాంటి ఫలితం రాలేదు. క్లీనర్లను తీసేసినా చేపలు ఎక్కడివక్కడే ఉన్నాయి. దాంతో కొందరు పూర్తిగా రెండో కొసకు వెళ్లారు. క్లీనర్ స్పర్శ హాయిగా ఉంటుంది కాబట్టే చేపలు వస్తున్నాయని, ఆ హాయిని ఎరగా చూపి క్లీనర్ కడుపు నింపుకుంటోందని అనుమానించారు.

ఈ చిక్కుముడిని విప్పినవి ఓపికతో చేసిన ప్రయోగాలు. 1999లో గ్రటర్ ప్రచురించిన ఫలితం చాలా సూటిగా ఉంది. క్లీనర్లున్న దిబ్బల మీద, లేని దిబ్బల మీద పంజరాల్లో ఒకే జాతి చేపలను ఉంచి, ఒంటి మీది నాథియిడ్‌లను లెక్కపెట్టారు. పగటి 12 గంటల్లోనే రెండింటి మధ్య నాలుగున్నర రెట్ల తేడా వచ్చింది. అంటే శుభ్రం చేయడం నిజమే. దాని ప్రభావం దిబ్బ మొత్తం మీద ఎంత అన్నది తేలడానికి ఇంకొంత కాలం పట్టింది. లిజార్డ్ దీవి దగ్గర చిన్న దిబ్బల నుంచి క్లీనర్లను 18 నెలల పాటు దూరంగా ఉంచగా, ఒక దిబ్బ నుంచి మరో దిబ్బకు తిరిగే చేపల్లో జాతుల సంఖ్య సగానికి, మొత్తం చేపల సంఖ్య పావు వంతుకు పడిపోయిందని 2003లో తేలింది. అక్కడే కాపురముండే చేపల్లో మాత్రం ఆ 18 నెలల్లో మార్పు కనిపించలేదు. ఆ ప్రయోగాన్ని ఎనిమిదిన్నరేళ్లు కొనసాగించాక అదీ కనిపించింది. కదలకుండా ఉండే డామ్సెల్ చేపలు కూడా క్లీనర్లు లేని దిబ్బల మీద సంఖ్యలోనూ, ఒంటి పరిమాణంలోనూ తగ్గాయి.

ఈజిప్టులోని రాస్ మొహమ్మద్ జాతీయ పార్కులో పరిశోధకుడు రెదువాన్ బ్షారీ గమనించినది కూడా దీనితో సరిపోతుంది. అక్కడ క్లీనర్ కొత్తగా చేరిన దిబ్బ మీద కొద్ది వారాల్లోనే చేపల రకాలు పెరిగాయి. క్లీనర్ మాయమైన దిబ్బ మీద తగ్గుదల మాత్రం నాలుగు నెలలు దాటాక గానీ బయటపడలేదు. పాత ప్రయోగాలు ఎందుకు ఏమీ చూపలేకపోయాయో ఇక్కడే అర్థమవుతుంది. దుకాణం తెరిస్తే జనానికి వెంటనే తెలుస్తుంది. మూసేసిన దుకాణం దగ్గరికి అలవాటు కొద్దీ కొంతకాలం వస్తూనే ఉంటారు.

## అసలు తగాదా జిగురు దగ్గర

చేప ఒంటి మీద పలుచని జిగురు పొర ఉంటుంది. అది దాని రక్షణ కవచం. మళ్లీ తయారు చేసుకోవాలంటే శక్తి ఖర్చవుతుంది. క్లీనర్‌కు మాత్రం అది మంచి ఆహారం. 2003లో గ్రటర్, బ్షారీ క్లీనర్లకు రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది కావాలో ఎంచుకోనిచ్చారు. అవి నాథియిడ్‌లను వదిలి చిలుక చేప జిగురు వైపు మొగ్గాయి. పరాన్నజీవులను తినడమే దాని వృత్తి అనుకుంటున్న చేపకు పరాన్నజీవి రెండో ఎంపిక అన్నమాట.

ఇక్కడితో సేవకుడి బొమ్మ చెదిరిపోతుంది. క్లీనర్ జిగురు కొరికినప్పుడు ఖాతాదారు ఒళ్లు ఒక్కసారి జలదరించినట్టు అదురుతుంది. నీటి కింద కూర్చుని గమనించే పరిశోధకులకు మోసాన్ని లెక్కపెట్టే కొలమానం ఆ అదురే. కొన్ని జాతుల ఖాతాదారుల్లో అది తరచుగా కనిపిస్తుంది, కొన్నింటిలో అరుదు. ఆ తేడా ఎందుకు వస్తోందన్నదే ఈ చేప జీవిత చరిత్రలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం.

కరీబియన్ సముద్రంలో ఇదే పని చేసే గోబీ చేపలతో పోల్చితే విషయం ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ లాబ్రోయిడెస్ జాతులు లేవు. ఎలాకటైనస్ గోబీలు ఆ చోటు ఆక్రమించాయి. పరీక్షించినప్పుడు అవి జిగురు కంటే పరాన్నజీవులనే ఇష్టపడ్డాయి. ఇష్టమైనదీ, చేయవలసినదీ ఒకటే అయినప్పుడు కాపలాతో పనిలేదు. క్లీనర్ రాస్ విషయంలో ఆ రెండూ వేరు. అందుకే దాని చుట్టూ ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు పెరిగింది.

## కాపలా ఎవరిది?

మొదట ఖాతాదారు చేతిలో ఏముందో చూడాలి. దిబ్బ మీది చేపలన్నీ ఒకే స్థితిలో లేవు. కొన్నింటి తిరుగుడు ప్రాంతం చిన్నది, అందులో ఒకే ఒక్క క్లీనర్ ఉంటుంది. బాగున్నా బాగోకపోయినా అక్కడికే రావాలి. వీటిని స్థానికులు అనవచ్చు. మరికొన్ని దూరదూరాలు తిరుగుతాయి, రెండు మూడు స్టేషన్లు వాటికి అందుబాటులో ఉంటాయి. ఇవి ప్రయాణికులు.

ప్రయాణికుడిని కొరికితే అది వెళ్లిపోతుంది, తర్వాతిసారి మరో క్లీనర్ దగ్గర ఆగుతుంది. కాసేపు ఆగవలసి వచ్చినా వెళ్లిపోతుంది. అందుకే స్థానికుడూ ప్రయాణికుడూ ఒకేసారి వచ్చినప్పుడు క్లీనర్ ముందు ప్రయాణికుడి పని చూస్తుంది. స్థానికుడు ఎలాగూ ఎక్కడికీ పోలేడు. అయితే స్థానికుడికీ ఒక ఆయుధం ఉంది. కొరికిన క్లీనర్‌ను అది వెంటపడి తరుముతుంది. తరిమించుకున్న క్లీనర్ తర్వాతిసారి అదే చేప దగ్గర బుద్ధిగా ఉంటుంది.

ఈ సంగతిని ప్రయోగశాలలో తేల్చడానికి బ్షారీ, గ్రటర్ ఎంచుకున్న పద్ధతి చాలా సాదా. ప్లాస్టిక్ పలకలు ఖాతాదారుల స్థానంలో ఉంటాయి. వాటి మీద క్లీనర్‌కు ఎంతో ఇష్టమైన రొయ్య ముక్కలు, అంతగా ఇష్టం లేని పొడి మేత అతికిస్తారు. పొడి మేత తిన్నంతసేపు పలక కదలదు. రొయ్య ముట్టుకోగానే పలకను లాగేస్తారు, లేదా దానితోనే చేపను తరుముతారు. కొన్ని విడతలు గడిచేసరికి చేపలు ఇష్టం లేని మేతను ముందు తినడం నేర్చుకున్నాయి. వెళ్లిపోవడమూ, తరమడమూ రెండూ పనిచేస్తాయని 2005లో ప్రచురితమైన ఈ ఫలితాలు చూపాయి.

మూడో కాపలా చూపు. క్లీనర్ ఒక చేప ఒంటి మీద ఉండగా మరో చేప దగ్గరలో వేచి చూస్తూ ఉంటుంది. ముందున్న చేప అదిరితే చూస్తున్న చేప జారుకుంటుంది, పని సాఫీగా సాగితే ముందుకొస్తుంది. ఎవరో చూస్తున్నారని తెలిసినప్పుడు క్లీనర్ మోసం తగ్గిస్తుందని 2006, 2011లలో వెలువడిన ప్రయోగాలు నిర్ధారించాయి. ఈ చూపును వాడుకుని మోసం చేసేవీ ఉన్నాయి. ఎర్ర సముద్రంలో కొన్ని క్లీనర్లు చిన్న చేపల వీపు మీద రెక్కలతో మృదువుగా నిమురుతూ కనిపించాయి. అలా నిమరడం వల్ల వాటికి దక్కే తిండి ఏమీ లేదు. ఆ మంచితనాన్ని చూసి దగ్గరికొచ్చిన పెద్ద చేపను మాత్రం కొరికాయి. పేరు ప్రతిష్ఠలు లెక్కలోకి వచ్చే చోట నకిలీ ప్రతిష్ఠ కూడా పుట్టడం వింతేమీ కాదు.

## వేటాడే చేపకు ప్రత్యేక మర్యాద

గ్రూపర్, మోరే ఈల్ వంటి వేటాడే చేపలకు వెళ్లిపోనక్కరలేదు, తరమనక్కరలేదు. నోరు మూస్తే చాలు. అలాంటి చేపలను క్లీనర్ దాదాపు ఎప్పుడూ కొరకదు. పైగా వాటి వీపు మీద పొత్తికడుపు రెక్కలతో నిమురుతుంది. ఆకలితో ఉన్న వేటచేపకు ఈ నిమురుడు మరీ ఎక్కువగా దక్కుతుందని గ్రటర్ గమనించారు.

ఆ స్పర్శ ఉత్త బుజ్జగింపేనా? 2011లో మార్తా సోరెస్ బృందం సర్జన్ చేపలను ఒత్తిడికి గురిచేసి, కొన్నింటి దగ్గర కదిలే క్లీనర్ బొమ్మను, కొన్నింటి దగ్గర కదలని బొమ్మను ఉంచింది. కదిలే బొమ్మకు ఒళ్లు రాసుకున్న చేపల రక్తంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తక్కువగా ఉంది. అంటే స్పర్శ వల్ల ఖాతాదారుకు మేలు జరుగుతోంది. పాత అనుమానంలో కొంత నిజం ఉందన్నమాట, కానీ హాయి ఒక్కటే కారణమన్నది నిలబడలేదు.

## ఇంటి లోపలి శిక్ష, ఆడది మగదయ్యే తీరు

క్లీనర్ రాస్ పుట్టుకతో ఆడది. ఒక పెద్ద మగచేప, దాని ఆధీనంలో కొన్ని ఆడచేపలు కలిసి ఒక కుటుంబంగా ఉంటాయి. వాటిలో ఒంటి పరిమాణాన్ని బట్టి పెద్దరికం నడుస్తుంది. మగచేప చనిపోతే అన్నిటికంటే పెద్ద ఆడచేప ఆ స్థానంలోకి వస్తుంది. స్థానంతో పాటు లింగం కూడా మారుతుంది. ఆస్ట్రేలియాలోని హెరాన్ దీవి దగ్గర రాస్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు దీన్ని గమనించి 1972లో ప్రచురించారు. మగచేపను తీసేసిన కొద్ది గంటల్లోనే పెద్ద ఆడచేప మగచేపలా దబాయించడం మొదలుపెట్టింది. రెండు, రెండున్నర వారాల్లో దాని శరీరం వీర్యాన్ని విడుదల చేయగలిగింది. బతికున్నంతకాలం మగచేప చూపించే దౌర్జన్యమే ఆడచేపలను మగవిగా మారనివ్వకుండా ఆపుతోందని ఆయన వివరించారు. ఈ మార్పు ఒకవైపు దారి కాదని తర్వాత జపాన్‌లో తేలింది. ఆడచేపలను కోల్పోయిన రెండు మగచేపలు ఒకచోట చేరినప్పుడు వాటిలో చిన్నది తిరిగి ఆడచేపగా మారింది.

దీనికీ శుభ్రం చేసే పనికీ సంబంధం ఉంది. మగచేప, ఆడచేప కలిసి ఒకే పెద్ద ఖాతాదారును శుభ్రం చేస్తున్నాయనుకుందాం. జిగురు కొరికిన చేపకు ఒక మంచి ముద్ద దక్కుతుంది. ఖాతాదారు వెళ్లిపోతే నష్టం మాత్రం రెండింటికీ. కాబట్టి ముందు కొరికినవాడికే లాభం, జతగా పనిచేస్తే మోసం పెరగాలి. కానీ జతల సేవ ఒంటరి చేపల సేవ కంటే మెరుగ్గా ఉన్నట్టు 2008లో తేలింది. ఎందుకో 2010లో నికోలా రైహానీ బృందం చూపింది. ఆడచేప మోసం చేసి ఖాతాదారును పోగొడితే మగచేప దాన్ని వెంటాడి తరుముతుంది, ఆ తర్వాత ఆడచేప మోసం తగ్గిస్తుంది. ఇక్కడ మోసపోయింది ఖాతాదారు, శిక్షిస్తున్నది మగచేప. బయటివాడి తరఫున న్యాయం చేస్తున్నట్టు కనిపించినా, అది కాపాడుకుంటున్నది తన భోజనాన్నే.

ఇంకో మెలిక ఉంది. తనతో దాదాపు సమానంగా ఎదిగిన ఆడచేపను మగచేప మరింత కఠినంగా శిక్షిస్తుంది. జిగురు తిని ఇంకా పెరిగితే ఆ ఆడచేప రేపు మగదిగా మారి పోటీకి రావచ్చు.

## వేషగాళ్లు

నమ్మకం కుదిరిన చోట వేషాలూ తప్పవు. ఆస్పిడాంటస్ టీనియేటస్ అనే బ్లెన్నీ చేప క్లీనర్ రాస్ రంగును, చారను, ఒంటి తీరును, చివరికి నీటిలో పైకీ కిందికీ ఊగుతూ ఈదే ‘నాట్యాన్ని’ కూడా అనుకరిస్తుంది. శుభ్రం కోసం దగ్గరికొచ్చిన చేప రెక్క ముక్కను కొరుక్కుని పోతుంది. రెండింటినీ వేరుచేసి చూపేది నోరు. అసలు క్లీనర్ నోరు మూతి చివర ఉంటుంది, నకిలీదానిది మూతి కిందికి ఉంటుంది.

అయితే ఈ కథను ఎక్కువ చేసి చెబుతుంటారు. ఆ బ్లెన్నీ ఆహారంలో చేప గుడ్లు, గొట్టపు పురుగుల వంటివి ప్రధానంగా ఉంటాయి, రెక్కలు కొరకడం పిల్లచేపల్లోనే ఎక్కువ. క్లీనర్ వేషం దానికి వేటగాళ్ల నుంచి రక్షణగా కూడా పనికొస్తుంది. మరో బ్లెన్నీ, ప్లాజియోట్రెమస్ రైనోరింకస్, క్లీనర్ పిల్లచేప నీలి గీతను ధరించి దారిన పోయే చేపల మీద దాడి చేస్తుంది. పెద్దచేపను ఒకటి, పిల్లచేపను ఒకటి అనుకరించడాన్ని బట్టి క్లీనర్ రంగుకు దిబ్బ మీద ఎంత విలువ ఉందో తెలుస్తుంది.

## అద్దం ముందు

ఇప్పుడు 2019 వార్త దగ్గరికి రావచ్చు. అద్దం పరీక్షను 1970లో అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ గాలప్ చింపాంజీలతో ప్రవేశపెట్టారు. జంతువుకు తెలియకుండా, అద్దంలో తప్ప కనిపించని చోట ఒక మచ్చ పెడతారు. అద్దం చూసి అది తన ఒంటినే తడుముకుంటే, ఆ బొమ్మ తనదేనని గ్రహించిందని భావిస్తారు. జపాన్‌లోని ఒసాకాలో మసానోరి కోడా బృందం ఈ పరీక్షను క్లీనర్ రాస్‌కు పెట్టింది. మొదట చేపలు అద్దంతో పోట్లాడాయి. కొన్ని రోజులకు పోట్లాట మానేసి, తలకిందులుగా ఈదడం వంటి వింత కదలికలు చేస్తూ ప్రతిబింబాన్ని పరీక్షించినట్టు ప్రవర్తించాయి. తర్వాత గొంతు చర్మం కింద గోధుమ రంగు మచ్చ పెట్టగా, నాలుగింటిలో మూడు చేపలు అద్దం చూసుకున్నాక గొంతును అడుగున రాసుకున్నాయి. అద్దం లేనప్పుడు గానీ, రంగు లేని మచ్చ పెట్టినప్పుడు గానీ అలా చేయలేదు.

నాలుగు చేపలు చాలా తక్కువన్న విమర్శకు 2022లో జవాబు వచ్చింది. మొత్తం 18 చేపల్లో 17 నెగ్గాయి. నీలం, ఆకుపచ్చ మచ్చలను మాత్రం అవి పట్టించుకోలేదు. ఈ చివరి వాక్యంలోనే అసలు సంగతి ఉంది. గోధుమ రంగు చుక్క అంటే క్లీనర్‌కు పరాన్నజీవి. రోజుకు వెయ్యికి పైగా అలాంటి చుక్కలను వెతికి తినే చేపకు తన గొంతు మీది చుక్క కూడా పట్టించుకోదగ్గదే. నీలి చుక్క దాని ప్రపంచంలో దేనికీ గుర్తు కాదు. ఏనుగో కోతో ఈ పరీక్షలో తప్పినప్పుడు దానికి స్వీయ గుర్తింపు లేదనాలా, మచ్చ దానికి ముఖ్యం కాదనాలా అన్న పాత ప్రశ్న దీంతో పదునెక్కింది. 2023లో ఇదే బృందం ఇంకో అడుగు వేసి, అద్దానికి అలవాటుపడిన చేపలు ఫొటోలో తమ ముఖాన్ని ఇతర చేపల ముఖాల నుంచి వేరుచేసి గుర్తిస్తున్నాయని ప్రకటించింది.

గాలప్ ఈ ఫలితాలను అంగీకరించలేదు. పరాన్నజీవుల మీద చేపకుండే ప్రత్యేక ఆసక్తే ఇక్కడ పనిచేసిందన్నది ఆయన వాదన. ప్రైమేట్ల నిపుణుడు ఫ్రాన్స్ డి వాల్ మధ్యే మార్గం సూచించారు. స్వీయ స్పృహను ఉంది, లేదు అని రెండు గదుల్లో పెట్టకుండా అంచెలంచెలుగా ఉండేదిగా చూడాలన్నారు. మొదటి వ్యాసం రాసినవారు సైతం చేపకు మనిషి వంటి ఆత్మ స్పృహ ఉందని ప్రకటించలేదు, పరీక్ష దేన్ని కొలుస్తోందో మళ్లీ ఆలోచించమన్నారు. వార్తా శీర్షికల్లో ఆ జాగ్రత్త నిలవలేదు.

ఇలాంటిదే మరో పోలిక 2012లో వచ్చింది. రెండు పలకల్లో ఒకటి వెంటనే తినకపోతే మాయమయ్యేది, రెండోది ఎంతసేపైనా ఉండేది. ముందుగా మాయమయ్యే పలక దగ్గరికి వెళ్తే రెండు ముద్దలూ దక్కుతాయి. పెద్ద క్లీనర్ రాస్‌లు దీన్ని త్వరగా నేర్చుకున్నాయి. కాపుచిన్ కోతులు, ఒరాంగుటాన్లు తడబడ్డాయి, చింపాంజీల్లో కొన్నే నెగ్గాయి. చేప కోతిని మించిందని దీనికి అర్థం చెబితే పొరపాటే. ఆ పరీక్ష అచ్చంగా ప్రయాణికుడు, స్థానికుడు అన్న క్లీనర్ రోజువారీ లెక్క. పరికరం తీరు మార్చి చూపినప్పుడు కాపుచిన్‌లు కూడా నెగ్గాయి, ఆఫ్రికన్ బూడిద చిలుకలు సైతం నెగ్గాయి. క్లీనర్ పిల్లచేపలు మాత్రం పెద్ద చేపలంత బాగా చేయలేదు.

## బేరం చెదిరినప్పుడు

క్లీనర్ రాస్‌ను అక్వేరియంల కోసం పెద్ద సంఖ్యలో పడతారు. తొట్టిలో దానికి తగినన్ని పరాన్నజీవులు దొరకవు, వేరే మేతకు అలవాటు పడనివి చిక్కి చనిపోతాయి. తొట్టిలో తోటి చేపలకు వెళ్లిపోయే దారి కూడా లేదు. అంటే సముద్రంలో క్లీనర్‌ను అదుపు చేసే ఒక ముఖ్యమైన ఒత్తిడి అక్కడ పనిచేయదు. తొట్టిలో అది తోటి చేపలను వేధిస్తోందన్న ఫిర్యాదులకు ఇది ఒక కారణం కావచ్చు.

దిబ్బల మీద జరిగినది ఇంకా పెద్దది. లిజార్డ్ దీవిని 2014లో, 2015లో తుపానులు, 2016లో సముద్రపు వేడి వల్ల పగడాలు తెల్లబారిన విపత్తు వరుసగా దెబ్బతీశాయి. అక్కడ క్లీనర్ల సంఖ్య దాదాపు 80 శాతం పడిపోయిందని జెగ్ని త్రికీ, బ్షారీ బృందం 2018లో నివేదించింది. పగడాన్ని తినని, పగడంలో దాగని చేపకు ఇంత నష్టం జరగడం ఆలోచించవలసిన విషయం. మిగిలిన క్లీనర్లను పట్టి పాత పరీక్షలే మళ్లీ పెట్టారు. విపత్తుకు ముందు అదే దీవి క్లీనర్లు చూపిన నేర్పు వీటిలో కనిపించలేదు. ప్రయాణికుడికి ముందు వరుస ఇవ్వడంలో, చూస్తున్న చేప ముందు మంచిగా ఉండటంలో రెండింటిలోనూ తడబడ్డాయి.

తెలివైనవే ఎక్కువగా చనిపోయి ఉండవచ్చు. బతికినవాటికి ఆ తెలివితో అవసరం తగ్గి ఉండవచ్చు. రెండో వివరణకు బలం చేకూర్చేది ఆ తర్వాతి పరిశోధన. చేపలు కిక్కిరిసిన చోట బతికే క్లీనర్లే ఈ పరీక్షల్లో మెరుగ్గా రాణించాయి, నెగ్గిన చేపల్లో ముందు మెదడు సాపేక్షంగా పెద్దదిగా కనిపించింది. ఖాతాదారులు పలుచబడి, పక్క గుట్ట మీద పోటీ క్లీనర్ లేకుండా పోయాక ప్రయాణికుడు కూడా స్థానికుడితో సమానమే. దాన్ని ముందు పలకరించినా, ఆలస్యంగా పలకరించినా, మధ్యలో ఒక కాటు వేసినా అది వెళ్లడానికి మరో చోటు లేదు.